లెక్కలో మూడోవాడు

పాకం ఎప్పుడు గింజ కడుతుందో గోడమీది మీటర్లు చెప్పకముందే లోగన్‌కు తెలిసిపోయేది. దక్షిణాఫ్రికాలోని టోంగాట్ చక్కెర మిల్లు పై అంతస్తులో, పాకం వండే, మనిషికి మూడింతల ఎత్తున్న ప్యాను ముందు నిలబడి, అతడు ఇత్తడి కడ్డీని దాని పొట్టలోకి తోసి, మెలితిప్పి, వెనక్కి లాగేవాడు. కడ్డీ గాడిలో నిలిచిన గోధుమరంగు పాకాన్ని చూపుడువేలితో గాజుపలక మీద పలచగా రాసి, దీపానికెదురుగా పట్టి, ఒక కన్ను మూసుకుని చూసేవాడు. గింజలన్నీ ఒక్క ఈడువై ఉండాలి. వాటి నడుమ పొడిలాంటి సన్నగింజలు పుట్టుకొస్తే వాటిని దొంగగింజలంటారు. వేడినీళ్ళు పట్టి వాటిని కరిగించకపోతే ఆ వంట వంటంతా పాడవుతుంది.

ఆ గురువారం ఉదయం ఆరింటికి అతడు ప్యానును పగటి షిఫ్టువాడికి అప్పజెప్పి, లాగ్‌బుక్కులో తన పేరు రాసి, బూజులాగా చెరుకుమసి రాలుతున్న గాలిలోంచి కొండవాలున ఉన్న తన ఇంటికి నడిచి వెళ్ళాడు. అది తొంభై ఎనిమిది ఆగస్టు. మిల్లు పగలూ రాత్రీ ఆడే కాలం.

వంటింట్లో సావీ అతని కోసం టీ కాచి ఉంచింది. అరవయ్యారేళ్ళ మనిషి, భర్త అప్పలసామి పోయి పన్నెండేళ్ళు. కొడుకు చేతులు పట్టుకుని తిప్పి చూసి, ఎప్పటిలాగే గుసగుసకన్న కాస్త పైస్థాయిలో అంది: "ఏటిరా, మళ్ళీ కాల్చుకున్నావు? వెన్న రాయనా?"

"చిన్న మరకలే అమ్మా."

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. పిలుపులకు, తిండికి, తిట్లకు మాత్రం నాలుగు తరాల కిందట ఓడ ఎక్కివచ్చిన తెలుగు మిగిలి ఉంది. ప్రేమ ఎక్కువైనప్పుడు కూడా ఆ తెలుగే వచ్చేది. అయితే అప్పుడు కూడా అది తిట్టులాగానే వినిపించేది.

రొట్టె పళ్ళేన్ని జరుపుతున్నట్టుగా జరిపి, ఆమె ఒక పొడుగాటి కవరును అతని మోచేతి దగ్గర వదిలి సింకు వైపు తిరిగింది. పెర్త్ నుంచి వచ్చిన కవరు. సావీ కూతురు ఆషికా అక్కడ నర్సు. మూడేళ్ళయింది ఆస్ట్రేలియా వెళ్ళి. తల్లిని తన దగ్గరికి రప్పించుకోవడానికి ఏయే వీసాలున్నాయో ఆమె ఏడాదిగా విచారిస్తోందని లోగన్‌కు తెలుసు. విచారణ విచారణగానే ఉండిపోతుందని కూడా అతడు లోలోపల నమ్ముతూ వచ్చాడు.

కవరులో దరఖాస్తు ఉంది. దానితో ఆషికా చక్కటి చేతిరాతలో రెండు పేజీల వివరణ ఉంది. చూడటానికి వచ్చిపోయే వీసాతో అయితే తల్లి కొన్ని నెలలుండి వెనక్కి రావలసిందే. ఉండిపోయే వీసా కావాలంటే ఒక లెక్క కుదరాలి. తల్లి పిల్లల్లో కనీసం సగంమంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి; లేదా ఏ ఇతర దేశంలో కన్నా అక్కడే ఎక్కువమంది ఉండాలి. పిల్లలు ముగ్గురైతే, ఒకరు పెర్త్‌లో, ఒకరు లండన్‌లో, ఒకరు టోంగాట్‌లో. లెక్క కుదరదు. పిల్లలు ఇద్దరే అయితే, ఆషికా పెర్త్‌లో, సావీ మరో కొడుకు రెజీ లండన్‌లో. సరిగ్గా సగం.

దాని కింద టైపు చేసిన మరో కాగితం ఉంది. లోగన్ దాన్ని గాజుపలకను చూసినట్టే వెలుతురు వైపు తిప్పి చదివాడు. 'లోగన్ అప్పలసామి అను నేను ప్రమాణపూర్వకముగా చెప్పునదేమనగా, సావిత్రి అప్పలసామి నన్ను కన్న తల్లి కాదు. చట్టప్రకారం ఆమె నన్ను దత్తత తీసుకోలేదు. నా జనన నమోదులో తల్లిగా ఆమె పేరు పొరపాటున చేరినది.'

అందులో మొదటి రెండు వాక్యాలూ నిజమే. సావీ అక్క మునియమ్మ కన్న బిడ్డ తానని, పదేళ్ళ వయసులో ఒక పెళ్ళిపందిట్లో ఆడవాళ్ళ మాటల వల్ల అతనికి తెలిసింది. ఆ సంగతి ఇంట్లో అతడు అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మునియమ్మను అతడు చిన్నప్పుడు పెద్దమ్మా అనే పిలిచాడట. ఆ పిలుపుగాని, ఆమె ముఖంగాని అతనికి గుర్తులేవు. తనకు నాలుగేళ్ళప్పుడే ఆమె పోయింది.

దరఖాస్తు పదకొండో ప్రశ్న దగ్గర, పిల్లల పేర్లు రాయవలసిన గడులు మూడూ ఖాళీగా ఉండటం అతడు గమనించాడు.

"ఏం రాయలేదేం?"

సావీ వెనక్కి తిరగలేదు. "నువ్వు చూశాక రాద్దామని."

ఆ ఖాళీని అతడు తనకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాడు. ఈవిడకు వెళ్ళాలని లేదు. ఆషికా ఊరుకోవడం లేదు. కాదనలేక ఈ భారాన్ని నా మీద పెట్టింది. అలా అనుకోగానే అతని భుజాలు కొంచెం తేలికపడ్డాయి.

"నిద్ర లేచాక చూద్దాం," అన్నాడు.

"పడుకో నాయనా, పడుకో," అంటూ ఆమె అతని గది కిటికీకి దుప్పటి కప్పడానికి ముందుగా నడిచింది.

*

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. పెర్త్‌లో అప్పటికి రాత్రి పది.

"అన్నా, కాగితం చూశావా?"

"చూశాను."

"సంతకం?"

"సాక్షిగా డొరసామి తాత సంతకం కూడా కావాలన్నావు కదా. ఆయనకు ఒంట్లో బాగోలేదు."

"పాపం! శనివారం శనివారం గుర్రప్పందేలకు మాత్రం బాగానే ఉంటుందా?"

లోగన్ నవ్వు ఆపుకున్నాడు. ఆషికా అబద్ధాలు పట్టడంలో చిన్నప్పటినుంచీ దిట్ట. "సరేగాని, ఒక్క మాట చెప్పు. అక్కడికి రమ్మని నువ్వు పిలిచావా, వస్తానని అమ్మ అడిగిందా?"

అవతల కొంచెంసేపు ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు, పిల్లల కేక, తలుపు మూసిన చప్పుడు.

"అది అమ్మనే అడుగు."

"అమ్మ ఏమీ అనదు."

"నువ్వు మేలుకుని ఉన్నప్పుడు ఎప్పుడైనా అడిగావా?"

"వెటకారమా?"

"కాదన్నా." ఆమె గొంతు మెత్తబడింది. "కోపం తెచ్చుకోకు. కాగితం మీది మాటే కదా. నువ్వు నా అన్నవి కావని ఎవరంటారు?"

"కాగితం అంటోంది."

ఫోను పెట్టేసి అతడు చొక్కా తొడుక్కుని డొరసామి ఇంటికి బయల్దేరాడు. సంతకం అడగడానికి కాదు, అడిగానని చెప్పుకోవడానికి. డొరసామి ఎనభై రెండేళ్ళ ముసలాయన. చెరుకుతోటల యజమాని కూలీలకు కట్టించిన పాత బారక్సులో ఒకప్పుడు అప్పలసామి కుటుంబానికి గోడ పక్క మనిషి. ఇప్పుడు కింది వీధిలో కోళ్ళ మధ్య కూర్చుని, వార్తాపత్రికలో గుర్రాల పేర్ల కింద గీతలు గీసుకుంటున్నాడు.

"రా రా, తవుడుగా!" అన్నాడు కళ్ళద్దాల మీదుగా చూసి. "ఎందుకొచ్చావో తెల్సు. ఆషికా నాకూ ఫోన్ చేసింది."

"తవుడుగా ఏమిటి తాతా?"

"నీ అసలు పేరు. నీకు ముందు మునియమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడివి నువ్వు. పదకొండో నాడు నిన్ను చేటలో పడుకోబెట్టి, గుమ్మం బైట పెట్టారు. ఆ చేట పట్టుకున్నది ఎవరనుకున్నావు? నేనే. సావీ వచ్చి గుప్పెడు తవుడు ఇచ్చి నిన్ను కొనుక్కుంది. ఇంక నువ్వు మునియమ్మ బిడ్డవి కావన్నమాట. చావు వెతుక్కుంటూ వచ్చినా, ఈ ఇంట్లో నాకు రావలసినవాడు లేడనుకుని పోతుంది. మన వాళ్ళందరూ చేసేదే." ముసలాయన పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "అందరూ అంతటితో ఆగుతారు. అప్పలసామి ఆగలేదు. పని పక్కాగా చెయ్యాలన్నాడు. మర్నాడే సావీని, నిన్నూ తీసుకుని ఎస్టేటు ఆఫీసుకి పోయి, తల్లి సావీ, తండ్రి నేను అని దొర దగ్గర రాయించేశాడు."

"ఎందుకు?"

"చావు తెలివైంది గదా, రిజిస్టరు తిరగేసి చూస్తుందేమోనని!" డొరసామి పగలబడి నవ్వి, దగ్గి, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వు లేకుండా అన్నాడు. "ఒట్టు వేయించుకున్నారు మా అందరి చేత. ఎప్పుడూ నోరు జారకూడదని. మునియమ్మ కూడా నిన్ను ఎత్తుకున్నప్పుడు 'మా చెల్లి కొడుకు' అనే అనేది, ఎవరూ లేనప్పుడు సయితం. ముప్పై ఎనిమిదేళ్ళు మోశాను ఈ మాటని. ఇప్పుడు సర్కారు అడుగుతోంది, చెప్పేస్తాను."

లోగన్ లేచాడు. "తొందరేం లేదు తాతా. నీకు వీలున్నప్పుడే."

"వీలేముంది? రేపు పందేలకు పోతూ దారిలో పోలీసు స్టేషన్లో దిగి, వాళ్ళ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టేస్తాను."

అతడు మిల్లుకు వెళ్ళేదారిలో, తనకు మిగిలిన సాకు ఒక్క రోజులో పోబోతోందని మాత్రమే తలచుకున్నాడు.

*

శనివారం పొద్దుట ఏడున్నరకు పడుకున్నాడు గాని నిద్ర పట్టలేదు. దుప్పటి కప్పిన కిటికీ వెనక పదిన్నర వేళ వీధిలో కారు ఆగిన చప్పుడు, ఆ వెంటనే డొరసామి గొంతు, "సావీ! ఓ సావీ!" అని గేటు దగ్గర. ఆ కేక సగంలో తెగిపోయింది.

లోగన్ దుప్పటి అంచు తొలగించి చూశాడు. సావీ చెప్పులు లేకుండా వాకిట్లోంచి గేటు దాకా దాదాపు పరుగెత్తుతోంది. ఒక చూపుడువేలు పెదవుల మీద ఉంది; రెండో చెయ్యి అతని గది వైపు చూపిస్తోంది. తప్పు గుర్తొచ్చినవాడిలా డొరసామి నోరు మూసుకున్నాడు. కోటు జేబులోంచి ముద్ర వేసిన కాగితం తీసి ఇచ్చి, సైగలతోనే ఏదో హాస్యమాడి, మునివేళ్ళ మీద నడుస్తూ కారెక్కాడు. ఆ మునివేళ్ళ నడక హాస్యానికి కాదని, ఆ గేటు దగ్గర అందరికీ అలవాటైన పద్ధతేనని లోగన్‌కు ఎందుకో తట్టింది.

అతడు తలుపు తెరిచి, నడవలో నిలబడ్డాడు. పగటివేళ పదకొండింటికి తన ఇంటిని అతడు చూసి ఎన్ని ఏళ్ళయిందో. భార్య పర్ల్ వదిలి వెళ్ళిన ఏడాది, మనుషులు తక్కువగా తగులుతారని తానే కోరి రాత్రి షిఫ్టు వేయించుకున్నాడు. అది ఎనభై ఎనిమిది. నడవ చివర వంటింటి తలుపు ఓరగా తీసి ఉంది.

సావీ సింకు ముందుంది. సింకు అడుగున తువ్వాలు మడతపెట్టి పరిచింది. గిన్నె కడిగి, దానిమీద పసిబిడ్డను దించినట్టు దించింది. ఆమె రెండు గాజులూ మోచేతి దాకా ఎగదోసి, జారకుండా చేతిరుమాలుతో కట్టి ఉన్నాయి. అలమర తలుపు మూసేటప్పుడు చెక్కకీ చెక్కకీ మధ్య తన వేలు అడ్డం పెట్టి, ఆ తర్వాత వేలు లాగింది. ఫోను మీద ఊలు శాలువా నాలుగు మడతలు వేసి కప్పింది. పని అయ్యాక, కుర్చీని ఈడ్వకుండా ఎత్తి టీవీ ముందు వేసుకుని కూర్చుంది. టీవీలో ఒక జంట పోట్లాడుకుంటోంది. వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి, మాట లేదు. కాసేపటికి సావీ పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి. తెర మీద ఆడమనిషి ఏమంటోందో తానే ఊహించి, లోలోపల ఆ మాటలు పూరిస్తోంది. ఒకచోట ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా చప్పుడు లేని నవ్వే.

పదేళ్ళు, అనుకున్నాడు లోగన్. ఈ మనిషి మెల్లగా మాట్లాడటం ఆమె స్వభావమని తాను పదేళ్ళుగా నమ్మాడు.

"అమ్మా."

ఆమె దొంగతనంలో పట్టుబడ్డట్టు లేచింది. "లేచిపోయావా? ఆ ముసలోడి అరుపుకే కదా? ఎన్నిసార్లు చెప్పాలి ఆయనకి..."

"వాల్యూమ్ పెట్టు."

"ఎందుకురా? అలవాటే నాకు. మాటలకన్నా మొహాలే బాగుంటాయి."

లోగన్ కుర్చీ లాక్కున్నాడు. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. సావీ ఒళ్ళు జలదరించింది. అతడు బల్ల మీద చేతులుంచి అడిగాడు. "పెర్త్‌కు రమ్మని ఆషికా పిలిచిందా, నువ్వు అడిగావా?"

ఆమె గాజులకు కట్టిన రుమాలు ముడి విప్పసాగింది.

"నేనే అడిగాను."

"ఎప్పుడు?"

"పోయిన వర్షాల్లో. ఆషికా వద్దంది. అన్న ఒక్కడైపోతాడంది." ముడి ఊడింది. "నీ మీద కోపం లేదురా. నువ్వు తిండికి లోటు చేశావా, మందుకి లోటు చేశావా? కాని ఆదివారం దాని ఫోనులో ఆ పిల్లలిద్దరూ కొట్టుకుంటారు చూడు, తలుపులు దడాల్మని వేస్తారు, 'అవ్వా, వీడు చూడు' అని అరుస్తారు... ఫోను పెట్టేశాక నా చెవులు కాసేపు వెచ్చగా ఉంటాయి. ఆ గోల మధ్యలో ఉండాలనిపిస్తోంది."

"పగటి షిఫ్టు అడుగుతాను నేను. సోమవారమే అడుగుతాను."

"అడిగి? పగలంతా మిల్లులో ఉంటావు, వచ్చి అన్నం తిని పడుకుంటావు." ఆమె అతని వైపు చూసి, కొంచెం జాలిగా నవ్వింది. "నువ్వు మేలుకున్నా మాట్లాడేవాడివి కాదుగదరా."

లోగన్ బల్ల మీది దరఖాస్తును దగ్గరికి లాక్కున్నాడు.

"మరి ఆ గడులు ఎందుకు ఖాళీగా వదిలావు?"

"భయం," అంది సావీ. "నువ్వు నావాడివి కావని నేను రాస్తే... నీకేమన్నా అయితే? నవ్వకు. మీ నాయన రిజిస్టరులో రాయించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ పుస్తకం మూసేదాకా ఊపిరి తియ్యలేదు. నా చేత్తో ఆ కట్టు తెంచలేను. నువ్వు పెద్దవాడివయ్యావు. నువ్వు తెంచితే, అది నీ ఇష్టం."

టీవీలో జంట రాజీపడింది. లోగన్ చెయ్యి చాచి మీట తిప్పాడు. ఏదో వాయిద్యం గదినిండా ఒక్కసారిగా మోగింది.

*

సోమవారం షిఫ్టు దిగి, స్నానం చేసి, అతడు సావీని కారులో పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళాడు. లోపల గోడమీద పాత సర్కారు చిహ్నం తీసేసినచోట సున్నం తెల్లగా ఉంది. పక్కన కొత్త జెండా. బల్లవెనక చక్కటి జడలల్లుకున్న యువతి కానిస్టేబుల్ కాగితం అందుకుని, తాపీగా, చివరిదాకా చదివింది. చదివి అతని వైపు ఒకసారి, బెంచీ మీది ముసలామె వైపు ఒకసారి చూసింది.

"సంతకానికి ముందు ఏమైనా మార్చాలా?"

"ఒక మాట కొట్టేయాలి," అన్నాడు లోగన్. పెన్ను తీసుకుని, 'పొరపాటున' అన్నదాని మీద స్కేలు పెట్టి గీసినంత తిన్నటి గీత గీశాడు. ఆ మాట లేకపోయినా వాక్యానికి లోటు లేదు. పక్కన తన పొడి అక్షరాలు వేశాడు. ఆమె తనవి వేసింది.

"ఇందులో ఉన్నది తెలుసా, అర్థమైందా?"

"తెలుసు."

"ప్రమాణం చెయ్యడానికి అభ్యంతరం ఉందా?"

"లేదు."

"ఈ ప్రమాణం మీ మనస్సాక్షిని బంధిస్తుందని ఒప్పుకుంటారా?"

రోజుకు ముప్పైసార్లు అడిగే ప్రశ్న అది. కానిస్టేబుల్ చెయ్యి అప్పుడే ముద్ర వైపు వెళ్ళింది. జవాబు రాకపోయేసరికి ఆ చెయ్యి ఆగింది. వెనక వరుసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. లోగన్ బెంచీ వైపు చూశాడు. సావీ కళ్ళు మూసుకుని, రెండు చేతులతో సంచీని పొట్టకు అదుముకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఇంక ఆలస్యం చేస్తే ఆమెకు కష్టమని, అతడు గబుక్కున, "ఒప్పుకుంటాను," అన్నాడు.

ముద్ర పడింది. సావీ ఊపిరి వదిలింది. కళ్ళు తెరిచి అతణ్ణి తలనుంచి కాళ్ళదాకా ఒకసారి పరీక్షగా చూసుకుంది. ఆ తర్వాత బెంచీ మీదనే దరఖాస్తు మోకాలి మీద పెట్టుకుని, పదకొండో ప్రశ్న కింద రెండు గడుల్లో రెండు పేర్లు రాసింది. మూడో గడికి అడ్డంగా గీత కొట్టింది.

మళ్ళీ కారెక్కారు. పోస్టాఫీసు దాటి, మిల్లు కొండకు ఎడమకు తిరగవలసిన మలుపు దగ్గరికి వస్తుండగా సావీ అద్దం దించి, బయటికి చూస్తూ అంది.

"మీ అమ్మకి ఈ పొలాలన్నీ తెలుసు."

లోగన్ కాలు బ్రేకు మీదకు పోయింది. మునియమ్మను 'మీ అమ్మ' అనడం ఆ ఇంటి మనిషి నోట అతడు వినడం అదే మొదలు.

"మునియమ్మ," అంది సావీ, పేరు రుచి చూసినట్టు. "ఎవరితోనూ చెప్పలేదు ఇన్నేళ్ళూ. దాని పేరు తలిస్తేనే ఎక్కడ వినబడుతుందోనని. నాకన్నా మూడేళ్ళు పెద్దది. నాకన్నా పొడుగు. నీ చెవులు దానివే."

మలుపు వచ్చింది. లోగన్ తిరగలేదు, తిన్నగా సముద్రపు దారిలోకి పోనిచ్చాడు.

"దారి తప్పావు."

"తప్పలేదు. చెప్పు."

"మరి నీ నిద్రో?"

"చెప్పమ్మా."

ఆమె చెప్పింది. ఎవరో లోపలినుంచి గొళ్ళెం తీసినట్టు ఆగకుండా చెప్పింది. మునియమ్మకు ఉప్పుచేపంటే ప్రాణమని, వానాకాలం నదిలో దూకి అవతలి గట్టుకు ఈదేదని, అతణ్ణి చేటలో పడుకోబెట్టిన రోజున గోడవైపు తిరిగి కూర్చుని సాయంత్రందాకా తిరగలేదని. చెప్తున్నకొద్దీ ఆమె గొంతు పెరిగింది. ఆ గొంతు అంత పెద్దదని లోగన్ ఎరగడు.

"నవ్వేది చూడు, అదొక జబ్బు. చెరుకు నరుకుతూ నరుకుతూ కత్తి పారేసి నవ్వేది. పని చేయించే సర్దారు తిట్టడానికొస్తే ఆయన మీసం చూసి మళ్ళీ నవ్వేది. బారక్సులో ఆ చివరిగదిలో ఉన్నవాళ్ళు ఈ చివరిగదిలోది ఎందుకు నవ్వుతోందో అని లేచి వచ్చేవారు."

"ఎలా ఉండేది ఆ నవ్వు?"

"ఎలా అంటే? నవ్వేరా, నవ్వులాగే." సావీ ఆలోచించింది. కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. తలను వెనక్కి వాల్చి, నోరు పూర్తిగా తెరిచి, పొట్టలోంచి మెట్లు మెట్లుగా పైకి ఎక్కే ఒక పెద్ద నవ్వు నవ్వింది. సగంలో అది అక్క నవ్వు కావడం మానేసి తన సొంత నవ్వైపోయింది, అయినా ఆపలేదు.

రోడ్డు పక్కన చెరుకు కొడుతున్న మనుషులు కత్తులు ఆపి, నడుములు ఎత్తి, కారు వైపు చూశారు.